గోత్రము, కులము, సంఘము: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

కొన్ని సంవత్సరాల క్రితం మేము పరిచర్య చేస్తున్న ఒక సంఘంలో ఇద్దరు యువతీ యువకులు వివాహం చేసుకొనగోరి మా యొద్దకు వచ్చారు. ఇద్దరూ బాప్తిస్మం పొందినవారే. ఇద్దరి తాతలూ ఒకే ప్రార్థన మందిరం కట్టడానికి రాళ్ళు మోసినవారే. అయితే ఒకరిది మాల కుటుంబం, మరొకరిది మాదిగ కుటుంబం. మందిరంలో పెండ్లి ప్రకటన చదవకముందే సంఘ పెద్ద ఒకరు మా ఇంటికి వచ్చి, బైబిలు తెరచి, సంఖ్యాకాండము 36వ అధ్యాయం మా ముందు పెట్టారు. "అయ్యగారూ, ఎవరి గోత్రంలో వారే పెండ్లి చేసుకోవాలని వాక్యంలోనే ఉంది గదా! మనమెట్లా కాదంటాం?" అన్నారు. ఆ రోజు మేము తగిన జవాబు చెప్పలేకపోయాము. ప్రార్థన చేద్దామని చెప్పి ఆయనను పంపివేశాము. ఆ వివాహం జరగలేదు.

ఆ పెద్ద తన వాదన అంతా నిలబెట్టినది "గోత్రము" అనే ఒక్క మాట మీద. తెలుగు బైబిలు చదివేవారికి ఇశ్రాయేలు పన్నెండు గోత్రములు సండే స్కూలు నాటి నుండి పరిచయమే. అదే మాట గుడిలో అర్చకుడు భక్తుని గోత్రనామాలు అడిగినప్పుడు, హైందవ వివాహంలో ప్రవర చెప్పినప్పుడు కూడా వినబడుతుంది. మాట ఒకటే అయినా అర్థాలు రెండు. ఈ రెండు అర్థాలు కలగలిసిపోయి, మన సంఘాలలో కులమనే మూడవ దానికి అండగా నిలుస్తున్నాయి.

కనుక ఈ వ్యాసంలో మేము మూడు ప్రశ్నలు పరిశీలిస్తాము. హైందవ సమాజంలో గోత్రం అంటే ఏమిటి? దానికీ కులానికీ గల సంబంధం ఏమిటి? తెలుగు సంఘం వీటిలో దేనిని విడిచిపెట్టింది, దేనిని తనతో తెచ్చుకొన్నది?

1. ఆవుల దొడ్డి నుండి ఋషి పేరు వరకు

ఋగ్వేదంలో గోత్రమంటే ఆవుల దొడ్డి లేక ఆవుల మంద. ఒకే దొడ్డిలో పశువులను కట్టుకొనేవారు ఒకే వంశంవారు గనుక ఆ మాట క్రమంగా వంశానికి పేరయిందని పలువురు పండితుల అభిప్రాయం. వ్యాకరణకర్త పాణిని కాలానికి గోత్రమనగా మనుమడు మొదలుకొని సాగే సంతతి. బౌధాయన శ్రౌతసూత్రంలోని ప్రవర భాగం ఈ వ్యవస్థకు స్పష్టమైన రూపమిచ్చింది. విశ్వామిత్రుడు, జమదగ్ని, భరద్వాజుడు, గౌతముడు, అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు అనే ఏడుగురు ఋషులు, ఎనిమిదవవాడు అగస్త్యుడు, వీరి సంతతియే గోత్రాలని అది చెబుతుంది. గోత్రాలు వేలకు వేలు ఉన్నా వాటి ప్రవరలు 49 అని లెక్కిస్తుంది. ప్రవర అనగా యజ్ఞంలో స్మరించే మూలఋషుల పేర్లు. ఒకటో, రెండో, మూడో, అయిదో పేర్లు చెబుతారు, నాలుగు చెప్పరు.

దీనిని బట్టి గోత్రానికి మొదటి నుండి రెండు పనులున్నవని గ్రహించవచ్చు. మొదటిది యజ్ఞానికి సంబంధించినది: ఎవరి పేరున అగ్నిని పిలవాలో అది తెలుపుతుంది. రెండవది వివాహానికి సంబంధించినది: ఒకే గోత్రంవారు, ఒకే ప్రవరవారు పరస్పరం పెండ్లాడరాదని ధర్మశాస్త్రాలు విధించాయి. వారు అన్నాచెల్లెళ్ళ వరుస గనుక.

గోత్రానికి మూడవ పని కూడా ఉండేదని ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ తెలుపుతుంది. వేదం నేర్చుకొనడానికి వచ్చిన ఆ బాలుని గురువు మొదట అడిగిన ప్రశ్న గోత్రం గురించే. అతని తల్లి జబాలకు ఆ సంగతి తెలియదు. ఆమె చెప్పిన సత్యాన్నే బాలుడు గురువుకు చెప్పాడు. గురువు ఆ సత్యవాక్యాన్ని మెచ్చి అతనిని చేర్చుకొన్నాడు. ఈ కథలో సత్యానికి దక్కిన గౌరవాన్ని మేము కూడా గౌరవిస్తాము. అయితే గురువు అడిగిన ప్రశ్నను కూడా మరువరాదు. గోత్రం చెప్పగలవాడు ఒక తలుపు దాటుతాడు, చెప్పలేనివాడు బయట నిలబడి తన సంగతి వివరించుకోవాలి.

శాస్త్రం ప్రకారం ఋషి గోత్రం ప్రధానంగా బ్రాహ్మణులది. క్షత్రియులకు, వైశ్యులకు సొంత ఋషులు లేరు గనుక వారు తమ పురోహితుని గోత్రప్రవరలను చెప్పుకోవాలని సూత్రకారులు అన్నారు. 11వ శతాబ్దం చివర, 12వ శతాబ్దం మొదట కల్యాణి చాళుక్యుల కొలువులో ఉన్న విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన మితాక్షర అనే వ్యాఖ్యానంలో ఇదే నియమాన్ని వివరించాడు. 13వ శతాబ్దంలో కేతన ఆ మితాక్షరను "విజ్ఞానేశ్వరీయము" పేర తెలుగు పద్యంలోకి తెచ్చాడు. ఆ విధంగా ఈ ధర్మశాస్త్రం తెలుగు భాషలోకి కూడా వచ్చింది. ఈ చట్రంలో శూద్రులకు ఋషి గోత్రం లేదు. వర్ణాలకు వెలుపల ఉంచబడినవారి గోత్ర ప్రస్తావనే రాదు. గోత్రం తెలియనివారిని కాశ్యప గోత్రంగా చెప్పుకొమ్మన్న సడలింపు కూడా తరువాతి గ్రంథాలలో కనబడుతుంది.

2. పొలం గట్టు, లోపలి మడులు

ఇక గోత్రానికీ కులానికీ గల సంబంధం చూద్దాం. 1916 మే 9న అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బి.ఆర్. అంబేద్కర్ గారు భారతదేశంలో కులాల పుట్టుకను గురించి ఒక పత్రం చదివారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్ళు. అందులో ఆయన చెప్పిన సారాంశం ఇది: ఈ దేశ ప్రజలలో మొదటి నుండి బలంగా ఉన్న నియమం సొంత వంశంలో పెండ్లి చేసుకొనరాదన్నది. దాని మీద, సొంత వర్గం దాటి పెండ్లి చేసుకొనరాదన్న మరో నియమాన్ని తెచ్చి మోపారు. ఆ రెండవ నియమమే కులాన్ని సృష్టించింది.

మా గ్రామ సంఘాలవారికి అర్థమయ్యేలా చెప్పాలంటే, కులం పొలం గట్టు వంటిది. గోత్రాలు లోపలి మడుల వంటివి. పిల్లను మడి దాటించి ఇవ్వాలి, గట్టు మాత్రం దాటించరాదు. గోత్రం "ఇక్కడ చేసుకోవద్దు" అంటుంది. కులం "ఇక్కడే చేసుకో" అంటుంది. ఆ రెండూ ఒకేసారి పాటించేవారికి రెండూ ఒకే ఆచారంగా కనబడతాయి. నిజానికి అవి రెండు ఎదురెదురు ఆజ్ఞలు.

ఈ రెండూ ఒకటి కావని చెప్పడానికి మరొక ఆధారమున్నది. ఒకే గోత్రనామం పలు కులాలలో కనబడుతుంది. భారద్వాజ, కౌండిన్య, కాశ్యప గోత్రాలు వైదికి బ్రాహ్మణులలోనూ ఉన్నాయి, నియోగులలోనూ ఉన్నాయి. తెలుగునాట రాజులు కూడా వసిష్ఠ, ధనంజయ, కౌండిన్య, కాశ్యప గోత్రాలు చెప్పుకొంటారు. గోత్రమే నిజమైన రక్తసంబంధమైతే కౌండిన్య గోత్రపు బ్రాహ్మణుడు, కౌండిన్య గోత్రపు రాజు అన్నదమ్ములు కావాలి, ఒకే పంక్తిలో కూర్చోవాలి. అలా జరగలేదు. గోత్రం కలిపినవారిని కులం విడదీసింది. ఈ రెండింటిలో ఏది బలమైనదో దీనివల్ల స్పష్టమవుతున్నది.

దేశ చట్టం ఈ రెండు కట్టుబాట్లనూ తొలగించింది. 1946లో చేసిన చట్టం సగోత్ర వివాహానికి ఉన్న అడ్డును తీసివేసింది. 1949 చట్టం హిందువులలో వేర్వేరు కులాలవారి మధ్య జరిగిన వివాహాలు చెల్లుతాయన్నది. 1955 హిందూ వివాహ చట్టంలో దగ్గరి రక్తసంబంధానికి నిషేధమున్నది గాని, గోత్రానికి గాని కులానికి గాని నిషేధం లేదు. చట్టం తీసివేసినా ఆచారం నిలిచే ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు.

3. తెలుగు నేలపై గోత్రం

తెలుగు ప్రాంతానికి గోత్రం ఒక్కసారిగా రాలేదు, వచ్చినది వచ్చినట్లు నిలువనూ లేదు. శాతవాహన రాజులలో గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అనే పేర్లున్నాయి. అవి తల్లి వైపు నుండి తీసుకొన్న గోత్రసూచకాలు. 3వ శతాబ్దంలో నాగార్జునకొండ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త కుమార్తెలను వివాహమాడినట్లు అక్కడి శాసనాలు తెలుపుతున్నాయి. మేనరికం దక్షిణాదివారి ఆచారమని బౌధాయన ధర్మసూత్రం కూడా పేర్కొన్నది. అనగా శాస్త్రపు గోత్ర నియమం వచ్చి, అప్పటికే ఉన్న తెలుగు వరుసల మీద కూర్చున్నది. నేటికీ తెలుగువారు మేనమామ కూతురిని "వరుస" అంటారు, పినతండ్రి కూతురిని "చెల్లెలు" అంటారు. తండ్రి వంశంలో చేసుకొనకూడదన్న చోట శాస్త్రమూ తెలుగు ఆచారమూ కలిశాయి.

రాజులు గోత్రాన్ని గౌరవచిహ్నంగా ధరించారు. చాళుక్యులు తమ శాసనాలలో మానవ్యస గోత్రులమని, హారీతీపుత్రులమని చెప్పుకొన్నారు. అయితే కాకతీయుల కాలానికి వేరొక దృశ్యం కనబడుతుంది. వారు దుర్జయ వంశాన్ని చెప్పుకొన్నారు. కొన్ని శాసనాలు వారిని సూర్యవంశానికి కలిపినా, మరికొన్ని వారు నాలుగవ వర్ణంవారని దాపరికం లేకుండా చెప్పాయి. 14వ శతాబ్దపు రెడ్డిరాజుల కాలంలోనూ నాలుగవ వర్ణం విష్ణుపాదాల నుండి పుట్టినదని, గంగ పుట్టినది కూడా ఆ పాదాల నుండే గనుక అది పవిత్రమని శాసనకవులు వ్రాశారు. క్రింది మెట్టుగా చెప్పబడినదాన్ని వారు ఆ విధంగా గౌరవంగా మార్చుకొన్నారు. ఖడ్గం చేతనున్నవానికి ఋషి పేరు లేకపోయినా లోటు రాలేదు.

వర్తక, వృత్తి కులాలలో గోత్రం మరో పని చేసింది. పెనుగొండ వాసవీ కన్యక ఐతిహ్యం ప్రకారం, రాజు ఆ కన్యను కోరినప్పుడు కులం వెలుపలికి పిల్లను ఇవ్వడానికి ఇష్టపడక 102 గోత్రాలవారు ఆమెతో అగ్నిప్రవేశం చేశారు. కోమట్ల గోత్రాలలో ఒక్కొక్కదానికి తెలుగు పేరొకటి, ఋషి పేరొకటి ఉండడం గమనించదగినది. విశ్వబ్రాహ్మణులకు సానగ, సనాతన, అభువన, ప్రత్నస, సుపర్ణ అనే అయిదు గోత్రాలున్నాయి. పద్మశాలీలు భావనఋషి సంతానంగా 101 గోత్రాలు చెప్పుకొంటారు. వారి కులపురాణాన్ని కూనపులివారు పటం విప్పి కథగా చెబుతారు. ఇక్కడ గోత్రాల పట్టిక అనగా "మా కులం ఇంతమంది" అని వ్రాసిపెట్టుకొన్న హద్దు. గోత్రం, కులం అన్నిటికంటె దగ్గరగా ముడిపడినది ఇక్కడే. 20వ శతాబ్దంలో కులసంఘాలు గోత్ర పట్టికలు అచ్చువేసినప్పుడు ఈ ముడి మరింత బిగిసింది.

సామాన్య ప్రజలలో అసలు గోత్రపు పని చేసినది ఇంటిపేరు. "ఒకే ఇంటిపేరువాళ్ళం, పెండ్లి కుదరదు" అనే మాట అన్ని కులాలలో వినబడుతుంది. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి ఏడు సంపుటాలలో తెలుగు కులాల ఇంటిపేర్ల పట్టికలు కనబడతాయి. చెట్లు, జంతువులు, పనిముట్లు, ఊళ్ళు ఇంటిపేర్లయ్యాయి. చింతల, వేముల, గుర్రం వంటి ఇంటిపేర్లు ఏ ఒక్క కులానికో పరిమితం కాలేదు.

వంశం ఉండడానికి కులం అవసరం లేదని ఆదిలాబాదు గోండుల జీవితం చూపిస్తున్నది. వారిలో నాలుగు, అయిదు, ఆరు, ఏడు వేల్పుల వంశాలున్నాయి. ఒకే వేల్పుల సంఖ్య గలవారు పరస్పరం పెండ్లాడరు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్ళను వంశదైవానికి పరిచయం చేస్తారు. వేరొక వంశంలో పుట్టిన స్త్రీని తమలోనికి ఆహ్వానించే ఆచారమది. ఇక్కడ వంశం ఉన్నది, వెలుపలి పెండ్లి నియమమూ ఉన్నది; ఆ వంశాలను ఋషి పేరుతో పొడవూ పొట్టీ చేసే వర్ణశాస్త్రం లేదు.

4. గోత్రం లేదనిపించుకొన్నవారి వంశగాథ

శాస్త్రం మాల మాదిగలకు గోత్రం చెప్పలేదు. అంతమాత్రాన వారికి వంశజ్ఞాపకం లేకపోలేదు. మాదిగలు జాంబవంతుని తమ మూలపురుషునిగా చెప్పుకొంటారు. డక్కలివారు మాదిగ వాడలకు వచ్చి జాంబపురాణం చెప్పి, వంశాలను గానం చేసి తమ త్యాగం తీసుకొంటారు. మాలలకు మాష్టీలు అటువంటివారు. సృష్టి ఆరంభం నుండి మేమున్నామని ఆ కథలు చాటుతాయి. గోత్రం అడిగి గుమ్మం వద్ద నిలిపినవారికి, ఆ గుమ్మంకన్న మేమే ముందున్నామని చెప్పిన జవాబు అది.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ గారి అధ్యక్షతన జరిగిన సభలో "పంచములు" అన్న పేరును త్రోసిపుచ్చి "ఆది ఆంధ్రులు" అన్న పేరు స్వీకరించడం కూడా ఆ జవాబులోని భాగమే. మనిషికి తన పూర్వికుల పేరు కావాలి. ఆ ఆకలి పాపం కాదు. ఎదుటివాని పూర్వికులను చెరిపివేసి తన పూర్వికులను పైకెత్తుకోవడం పాపం.

మన క్రైస్తవ కవి గుర్రం జాషువా గారు (1895–1971) ఈ గాయాన్ని తన శరీరంలోనే మోశారు. ఆయన తండ్రి యాదవుడు, తల్లి మాదిగ స్త్రీ. తండ్రి వంశాన్ని బట్టి గోత్రం నిర్ణయించే సమాజం, ఆయన విషయంలో మాత్రం తల్లి కులాన్ని బట్టి ఆయనను అంటరానివానిగా నిర్ణయించింది. వంశనియమానికంటె కులనియమానిదే పైచేయి అనడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు. 1941లో వచ్చిన "గబ్బిలము" ఆ గాయంలో నుండి పుట్టిన కావ్యమే.

5. సంఘంలోకి వచ్చినదేది, రానిదేది

కులం విషయంలో మిషనరీలందరిదీ ఒకే మార్గం కాదు. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ గారు దక్షిణాది సంఘాలకు వ్రాసిన లేఖలో కులభేదాన్ని పూర్తిగా విడువవలెనని ఆజ్ఞాపించారు. 1850లో మద్రాసు మిషనరీ కాన్ఫరెన్సు అదే పట్టుబట్టింది. అయితే 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ గారు స్థాపించిన పాఠశాల అగ్రకులాలవారిని ఆకర్షించే ఉద్దేశంతో అట్టడుగు కులాల పిల్లలను చేర్చుకొనలేదు. మంచి ఉద్దేశం కూడా గట్టును బలపరచగలదని ఇందువల్ల మనం నేర్చుకోవాలి.

1859లో రాఘవాపురంలో మాల కులస్థుడైన పగోలు వెంకయ్య గారు బాప్తిస్మం పొందారు. 1866లో మాదిగ కులస్థుడైన యర్రగుంట్ల పేరయ్య గారు బాప్తిస్మం పొంది ఒంగోలు ప్రాంతంలో సువార్తకు ద్వారం తెరిచారు. మాదిగలను చేర్చుకొంటే మేము రామని ఒంగోలు అగ్రకులాలవారు అన్నప్పుడు జాన్ క్లౌ దంపతులు వేర్వేరుగా ప్రార్థించి, వేర్వేరుగా బైబిలు తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 వచనాలే ఎదురైన సంగతి మన పాఠకులు ఎరిగినదే. 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ నీటిలో దిగినవారిని ఎవరూ గోత్రం అడగలేదు.

కాని ఈ ప్రజా ఉద్యమాలు బంధువుల ద్వారా, ఇంటి నుండి ఇంటికి, పల్లె నుండి పల్లెకు సాగాయి. పేరయ్య గారి సాక్ష్యం ఆయన బంధువర్గంలోనే ముందుగా ప్రాకింది. అది సువార్తకు మేలు చేసింది. అయితే ఒక మిషను ప్రాంతంలో మాలలు ఎక్కువగా, మరొక మిషను ప్రాంతంలో మాదిగలు ఎక్కువగా చేరడానికి కూడా అదే కారణమయింది. 18వ శతాబ్దం నుండి కథోలిక సంఘంలో చేరిన రెడ్డి కుటుంబాలు తమ ఇంటిపేర్లనూ తమ కులంలోనే వివాహాలనూ నిలుపుకొన్నాయి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వి.ఎస్. అజరయ్య గారు కులభేదం సంఘంలో నిలువరాదని జీవితాంతం పోరాడవలసి వచ్చిందంటే, ఆ భేదం సంఘంలో ఎంత లోతుగా ఉన్నదో ఊహించవచ్చు.

ఇప్పుడు లెక్క చూసుకొందాం. తెలుగు క్రైస్తవుడు ఋషి గోత్రాన్ని విడిచిపెట్టాడు, ప్రవర విడిచిపెట్టాడు, వంశదైవాన్ని విడిచిపెట్టాడు. ఇంటిపేరు, వరుసలు ఉంచుకొన్నాడు, వాటిలో తప్పులేదు. అయితే కులం గట్టును కూడా ఉంచుకొన్నాడు. పొలంలో మడుల పేర్లు చెరిగిపోయాయి, గట్టు మాత్రం నిలిచింది. సంబంధాలు చూసేటప్పుడు మనం ముందుగా అడిగేది ఇంటిపేరు. అది అన్నాచెల్లెళ్ళ వరుస తప్పించడానికి మాత్రమే కాదు, కులం పసిగట్టడానికి కూడా. పేరు యోహాను, ఇంటిపేరు ఫలానా, తాతల ఊరు ఫలానా, పల్లెలో ఏ వైపు ఇల్లు అని అడుగుతూ పోతే నాలుగవ ప్రశ్నకు కులం బయటపడుతుంది. ప్రభుత్వం కూడా సంఘంలో కులం ఉన్నదని ఎరుగును. 1950 ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా నుండి మినహాయించగా, మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారిని, వారి సంతానాన్ని బీసీ-సి వర్గంగా గుర్తించారు. బాప్తిస్మంతో కులం పోయిందన్న మన ప్రసంగాన్ని మన జీవితమే ఖండిస్తున్నదని ఒప్పుకోవాలి.

6. బైబిలులోని గోత్రము

ఇప్పుడు ఆ సంఘ పెద్ద తెచ్చిన వాదనకు వద్దాం. మన అనువాదకులు "గోత్రము" అని పలికించిన హెబ్రీ మాటలు షేవెత్, మత్తే. రెండింటికీ కర్ర, దండము అన్న అర్థాలున్నవి. తండ్రి దండం క్రింద నడిచే జనసమూహం అని భావం. ఆ గోత్రంలో వంశాలు, వంశంలో కుటుంబాలు ఇమిడి ఉంటాయి (యెహోషువ 7:14). దానికి భూభాగం ఉన్నది, సైన్యం ఉన్నది. హైందవ గోత్రానికి ఇవేవీ లేవు. అనువాదకులను మేము తప్పు పట్టడం లేదు. వంశాన్ని సూచించడానికి అందుబాటులో ఉన్న గౌరవప్రదమైన మాటనే వారు వాడారు. అయితే ఇశ్రాయేలు గోత్రం హైందవ గోత్రమూ కాదు, కులమూ కాదు.

సంఖ్యాకాండము 36వ అధ్యాయం సెలోపెహాదు కుమార్తెలను గూర్చినది. 27వ అధ్యాయంలో తండ్రి ఆస్తికి వారు హక్కు పొందారు. వారు వేరొక గోత్రంలో పెండ్లాడితే ఆ భూమి ఆ గోత్రానికి పోతుందని పెద్దలు మొరపెట్టగా, స్వాస్థ్యం పొందిన కుమార్తెలు తమ తండ్రి గోత్రంలోనే వివాహం చేసుకోవాలని నియమించబడింది. ఇది భూమి గురించిన నియమం, స్వాస్థ్యం గల స్త్రీకి వర్తించే నియమం. రక్తం మైలపడుతుందన్న భావన అందులో లేదు. లేవీ గోత్రంవాడైన అహరోను యూదా గోత్రపు నయస్సోను సహోదరియైన ఎలీషెబను వివాహమాడాడు (నిర్గమ 6:23). బెన్యామీనీయులకు పిల్లలనివ్వమని ఇతర గోత్రాలు ఒట్టు పెట్టుకొన్నది శిక్షగా మాత్రమే (న్యాయాధిపతులు 21). మామూలు రోజులలో ఇచ్చిపుచ్చుకొనేవారన్నమాట.

మరొక మాట. సెలోపెహాదు కుమార్తెలు చివరకు ఎవరిని పెండ్లాడారు? తమ తండ్రి సహోదరుల కుమారులను (సంఖ్యా 36:11). మన వరుసల్లో చెప్పాలంటే పెదనాన్న, చిన్నాన్న కొడుకులను! ఒకే ఇంటిపేరు, అన్నాచెల్లెళ్ళ వరుస. ఏ తెలుగు క్రైస్తవ కుటుంబమైనా ఈ సంబంధానికి ఒప్పుకొంటుందా? ఈ అధ్యాయాన్ని నిజంగా పాటించదలచినవారు 11వ వచనాన్ని కూడా పాటించాలి. అది పాటించక, 6వ వచనంలోని "గోత్రము" అన్న మాటను మాత్రం తీసుకొని, దాని స్థానంలో "కులము" అని చదువుకోవడం వాక్యానికి విధేయత కాదు. మాట తెలుగు బైబిలుది, అర్థం మన వాడలది.

ఎజ్రా కాలంలో వంశావళి పుస్తకంలో పేరు కనబడనివారు యాజకత్వం నుండి తొలగించబడ్డారు (ఎజ్రా 2:62). వంశం తలుపులు మూయగలదని అప్పుడూ తెలిసినదే. అందుకే హెబ్రీ పత్రిక రచయిత మన ప్రభువు లేవీ గోత్రంలో గాక యూదా గోత్రంలో పుట్టాడని, ఆ గోత్రానికి మోషే యాజకత్వం చెప్పలేదని అంతగా నొక్కి చెప్పాడు (హెబ్రీ 7:13-14). పుట్టుక చేత వచ్చే యాజకత్వం ఆయనతో ముగిసింది. మత్తయి వ్రాసిన వంశావళిలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య ఉన్నారు. మోయాబు స్త్రీ, యెరికో స్త్రీ లేకుండా దావీదు లేడు. మన రక్షకుని వంశావళి గట్టు దాటిన వివాహాలను దాచలేదు, పేరు పెట్టి చెప్పింది.

ముగింపు

అపొస్తలుడైన పౌలు తాను బెన్యామీను గోత్రంవాడనని చెప్పుకొన్నాడు (ఫిలిప్పీ 3:5). ఆ గోత్రాన్ని మరచిపోలేదు, దాచలేదు. అయితే రెండు వచనాల తరువాత క్రీస్తు నిమిత్తం దానిని నష్టంగా ఎంచుకొన్నాడు. వంశజ్ఞాపకాన్ని ఉంచుకొని, దాని వలన వచ్చే ఆధిక్యతను విడిచిపెట్టడం ఎట్లాగో మనకు ఇక్కడ నేర్పబడుతున్నది. తెలుగు క్రైస్తవుడు తన ఇంటిపేరును, తాతముత్తాతల సాక్ష్యాన్ని సంతోషంగా చెప్పుకోవచ్చు. మాదిగవాడలో మొదట బాప్తిస్మం పొందిన ముత్తవ్వ పేరు సంఘ రికార్డులో ఉండాలి, పిల్లలకు తెలియాలి. అవసరమైనది గట్టు తీయడమే.

ఈ విషయంలో పాస్టర్లమైన మా తప్పును కూడా ఒప్పుకోవాలి. సంబంధాల కోసం వచ్చిన తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాసి ఇచ్చేటప్పుడు "మనవాళ్ళే" అన్న మాట మేము కూడా వ్రాశాము. ఆ ఒక్క మాటలో ఎవరు మనవాళ్ళు కారో కూడా వ్రాసినట్లే. ఇకనైనా అటువంటి ఉత్తరాలలో విశ్వాసం, నడవడి, చదువు, ఉద్యోగం వ్రాద్దాం, కులం వ్రాయవద్దు. సంఖ్యాకాండము 36వ అధ్యాయాన్ని 27వ అధ్యాయంతో కలిపి పల్పిటు నుండి బోధిద్దాం, అది మన పెద్దల చేతిలో అడ్డుకర్ర కాకముందే. వేదవిద్యార్థులు గ్రామాలకు వెళ్ళినప్పుడు వృద్ధుల వద్ద కూర్చుని కుటుంబాల చరిత్ర వ్రాసుకోవాలని, ఆ చరిత్రలో ఎవరు ఎవరిని పెండ్లాడకుండా ఆపబడ్డారో కూడా వ్రాసుకోవాలని మా మనవి.

ఆ రోజు మా ఇంట్లో బైబిలు తెరిచిన ఆ పెద్ద ఇప్పుడు ప్రభువునందు నిద్రించారు. ఆయన మంచి విశ్వాసి, సంఘానికి కష్టపడినవారు. ఆయన అడిగిన ప్రశ్నకు మేము ఇన్నేళ్ళకు జవాబు వ్రాశాము. మళ్ళీ అటువంటి యౌవనులు ఇద్దరు మన ఇంటి తలుపు తట్టినప్పుడు, జవాబు ఆలస్యం కాకుండునట్లు ప్రభువు మనకు సహాయం చేయునుగాక.